కర్నూలులో చేయనివ్వని పని కెన్యాలో చేయవచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది ఆదోని. కర్నూలులో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న పత్తి మార్కెట్‌లో గుమాస్తా. వచ్చే సెలవుల్లో మూడు వారాలు కెన్యాకు మెడికల్ వాలంటీర్‌గా పంపిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఖర్చు 2,80,000 రూపాయలు, విమానం టికెట్ వేరే. ఇక్కడ హౌస్ సర్జన్ అయ్యేదాకా ఏదీ ముట్టుకోనివ్వరు, అక్కడైతే మొదటి వారం నుంచే కుట్లు వేయొచ్చు, కాన్పులు చేయొచ్చు అంటున్నారు. వాళ్లిచ్చే సర్టిఫికెట్ రేపు అమెరికాలో పీజీకి పనికొస్తుందట. మా సీనియర్ ఒకరు పోయొచ్చి పిల్లలతో దిగిన ఫొటోలు పెడితే చూసి నాకూ ఆశ పుట్టింది. పేదవాళ్లకు సేవ చేయాలని చిన్నప్పటి నుంచీ ఉంది మేడమ్, గొప్ప కోసం కాదు. 20,000 అడ్వాన్స్ కట్టేశాం. మిగతాదానికి అమ్మ నగలు బ్యాంకులో పెడదామని నాన్న అంటున్నారు. మా ప్రొఫెసర్‌ను అడిగితే "ఆలోచించుకో" అని ఊరుకున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా, వద్దంటారా?

సమాధానం:

అమ్మా, నిన్ను ఇంకా టెన్షన్‌లో ఉంచకుండా ముందు జవాబు చెప్పేస్తాను. ఈ ట్రిప్పుకు వెళ్లొద్దు. అమ్మ నగలు ఇంట్లోనే ఉండనివ్వు. బయటి దేశం చూడాలని, అక్కడి ఆసుపత్రులు ఎలా నడుస్తాయో తెలుసుకోవాలని నీకున్న కోరిక మంచిదే. దానికి వేరే దారులున్నాయి, అవి కూడా చెప్తాను. నేను వద్దంటున్నది ఆ కోరికను కాదు, కన్సల్టెన్సీ వాళ్లు నీకు చూపించిన ఆశను.

ఆ ఆశ ఏమిటో నీ ఉత్తరంలో నువ్వే రాశావు. ఇక్కడ ముట్టుకోనివ్వనిది అక్కడ చేయనిస్తారు. నువ్వు కట్టే డబ్బంతా ఈ ఒక్క మాటకే. ఉండటానికి గది, తిండి, ఆసుపత్రికి పోయి రావడానికి బండి అనేవి దాని చుట్టూ చుట్టిన కాగితం మాత్రమే. కాబట్టి మనం ఆలోచించవలసింది కూడా ఈ మాట గురించే.

కర్నూలు పెద్దాసుపత్రిలో నిన్ను ఎందుకు ముట్టుకోనివ్వడం లేదు? మీ సార్లకు పిల్లలకు నేర్పడం ఇష్టం లేక కాదు. ఆ ఆసుపత్రికి ఎవరొస్తారో వార్డుల్లో చూస్తూనే ఉన్నావు కదా. కోసిగి నుంచి, ఆత్మకూరు నుంచి, తుంగభద్ర దాటి గద్వాల నుంచి, అటు రాయచూరు నుంచి కూడా వస్తారు. ప్రైవేటుకు పోయే స్తోమత లేనివాళ్లే ఎక్కువ. "ఎవరమ్మా నువ్వు, డాక్టరువేనా?" అని తెల్లకోటు వేసుకున్నవాళ్లను అడిగే ధైర్యం వాళ్లకుండదు. వాళ్లు అడగలేరు కాబట్టే వాళ్ల తరఫున చట్టం అడుగుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ చెప్తుంది. విద్యార్థి ఏం చేసినా పక్కన బాధ్యత గల డాక్టరు నిలబడి చూడాలనేది అందుకే.

ఇప్పుడు చెప్పు. కోసిగి ఆడమనిషికి ఉన్న ఆ రక్షణ కెన్యాలోని ఆడమనిషికి అక్కర్లేదా? ఆమె కూడా ప్రైవేటుకు పోలేకనే కదా ఆ ఆసుపత్రికి వచ్చింది. తెల్లకోటును చూసి ఆమె కూడా నోరు విప్పదు. నీ ఒంటి రంగు, నీ విదేశీ వాలకం చూసి ఇంకా పెద్ద డాక్టరు వచ్చిందనుకుంటుంది. నువ్వు ఏదీ అబద్ధం చెప్పకపోయినా ఆమె మోసపోయినట్టే.

నేను అనంతపురంలో కాన్పుల వార్డులో పనిచేసి రిటైరైనదాన్ని. అందుకే "కాన్పులు చేయొచ్చు" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. బిడ్డ తల కనిపించి, భుజాలు జారి, కేర్‌మని ఏడ్చేదాకా చూసినవాళ్లకు కాన్పు అయిపోయిందనిపిస్తుంది. మాకు అసలు భయం అప్పుడే మొదలవుతుంది. గర్భసంచి గట్టిపడిందా, మాయ ముక్క ఏదైనా లోపల మిగిలిందా, కింద గుడ్డ ఎంత తడిసింది అని చూస్తాం. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటి రక్తం పోతే దాన్ని అధిక రక్తస్రావం అంటారని నీకు పుస్తకంలో వస్తుంది. మన సీమ పల్లెల్లో హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉన్న తల్లికి అంతకన్నా తక్కువ పోయినా ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ పుట్టిన వెంటనే గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు ఇచ్చామా, ఎవరిచ్చారు, పని చేసిందా, చేయకపోతే తర్వాత ఏమిటి అన్న లెక్క నిమిషాల్లో తేలాలి. చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుని బిడ్డను పట్టుకున్న అమ్మాయికి ఫొటో మిగులుతుంది. ఆ నిమిషాల్లో ఏం చేయాలో తెలియని అమ్మాయి చేతికి కాన్పు ఇవ్వడమంటే తల్లి ప్రాణాన్ని పందెం పెట్టడమే.

కుట్లు ఇంకా తేలికనిపిస్తాయి. నారింజ తొక్క మీద నాలుగు రోజులు ప్రాక్టీస్ చేస్తే ముడి వేయడం వచ్చేస్తుంది, నిజమే. కానీ ఎక్కడ వేయకూడదో అలా రాదు. కుక్క కరిచిన పిల్లాణ్ని తెచ్చారనుకో. గాయం నోరు తెరుచుకుని ఉంటుంది. కుట్టు నేర్చుకోవాలని తహతహలాడుతున్న చేతికి అది మంచి అవకాశంలాగే కనిపిస్తుంది. అక్కడ చేయవలసింది సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగడం, రేబిస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ మందును గాయంలోకి ఎక్కించడం, వ్యాక్సిన్ మొదలుపెట్టడం. కుట్లు వీలైనంత వరకు వేయరు. తప్పనిసరైతే ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చాకే, అదీ వదులుగా వేస్తారు. ఈ సంగతి తెలియకుండా చక్కగా కుట్టి పంపిస్తే, రేబిస్ వచ్చాక ఆ బిడ్డను ఎవరూ బతికించలేరు. అప్పటికి నువ్వు ఆదోనిలో ఉంటావు. ఏం జరిగిందో నీకు తెలియను కూడా తెలియదు. చిన్న ట్రిప్పుల్లో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. చేసిన పని ఫలితం చూడటానికి చేసినవాళ్లు అక్కడ ఉండరు. మనం ఈ వృత్తిలో ఏదైనా నేర్చుకుంటే అది మళ్లీ చూపించుకోవడానికి వచ్చిన రోగి దగ్గరే నేర్చుకుంటాం.

"అక్కడ డాక్టర్లే లేరు మేడమ్, మేం పోతే ఏదో కొంత మేలు కదా" అని నీకు అనిపించవచ్చు. కన్సల్టెన్సీ వాళ్లూ ఇదే చెప్పి ఉంటారు. కెన్యాలో డాక్టర్ల కొరత ఉన్న మాట నిజమే. కానీ ఆ కొరత నువ్వు తీర్చగలిగేది కాదు. 2024 మార్చి నుంచి మే దాకా అక్కడి ప్రభుత్వ డాక్టర్లు యాభై రోజులకు పైగా సమ్మె చేశారు. అందులో ముఖ్యమైన గొడవ ఇంటర్న్‌లదే. వైద్య విద్య పూర్తి చేసిన ఆ దేశపు సొంత పిల్లలే పోస్టింగ్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. వాళ్లకిచ్చే జీతం కోయొద్దని డాక్టర్ల సంఘం రోడ్డెక్కింది. అంటే చదువుకున్న చేతులు అక్కడ ఉన్నాయి, వాటికి జీతం ఇచ్చే డబ్బే కరువైంది. వాళ్ల వైద్య విద్యార్థులూ ఉన్నారు, క్లినికల్ ఆఫీసర్లని మూడు నాలుగేళ్లు చదివి పల్లెల్లో పనిచేసే వాళ్లూ ఉన్నారు. నువ్వు డబ్బు కట్టి వేసే కుట్టు అక్కడి విద్యార్థి నేర్చుకోవలసిన కుట్టు. రేపు ఆ ఊరి వాళ్లకు వైద్యం చేయబోయేది ఆ పిల్లే, నువ్వు కాదు.

ఈ విషయం మన జిల్లాల వాళ్లకు మిగతావాళ్ల కన్నా బాగా అర్థం కావాలి. ఎందుకంటే బయటి దేశం నుంచి సాయానికి వచ్చేవాళ్లను చూసిన నేల మనది. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో కన్ను మూసేదాకా ఇక్కడే ఉండిపోయారు. ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రులు బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఉన్నాయి. బత్తలపల్లి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ మా వాళ్లకు అది అనంతపురం ఆసుపత్రే. స్పెయిన్ నుంచి డాక్టర్లు అక్కడికి వచ్చి కొన్నాళ్లు పనిచేసి పోతుంటారు. వాళ్లకు ముందు ఉన్నదీ, వాళ్లు పోయాక మిగిలేదీ మన డాక్టర్లు, మన నర్సులు, ఏడాది పొడవునా తెరిచి ఉండే ఆసుపత్రి. వచ్చినవాళ్లు ఆ ఏర్పాటులో ఒక మూల చేరి, తమకు బాగా వచ్చిన పని చేసి, ఇక్కడివాళ్లకు నేర్పి వెళ్తే దాని విలువ దానికి ఉంటుంది.

అదే ఇంకోలా ఊహించు. స్పెయిన్‌లో రెండో సంవత్సరం చదువుతున్న ఒక కుర్రాడు వేసవి సెలవుల్లో మూడు వారాలకు మన దగ్గరికి వచ్చాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. వాళ్ల దేశంలో ఇంకా సూది పట్టనివ్వలేదు, అందుకే డబ్బు కట్టి ఇక్కడికి వచ్చాడు. పత్తి చేలో కొడవలి తగిలి చెయ్యి తెగిన మీ అమ్మ బల్ల మీద పడుకుని ఉంది. వాడు నవ్వుతూ వచ్చి కుట్లు వేస్తానన్నాడు. వాడి స్నేహితుడు సెల్‌ఫోన్ తీశాడు. నువ్వు ఒప్పుకుంటావా? వాడి మనసు మంచిదేనని, సేవ చేయాలనే వచ్చాడని ఎవరైనా చెప్తే నీ కోపం తగ్గుతుందా?

భాష సంగతి చాలామంది చిన్నదనుకుంటారు. నువ్వు ఆదోని పిల్లవు కాబట్టి నీకు చెప్పనక్కర్లేదు. అక్కడి ముసలమ్మ సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడుతుంది, పక్క మంచం మీది ఆమె ఉర్దూలో చెప్తుంది. కోస్తా నుంచి వచ్చిన నీ క్లాస్‌మేట్లు కేసు రాసుకోవడానికి నిన్ను పిలుచుకుపోతుంటారనే అనుకుంటున్నాను. నీకు ఆ వార్డులో ఇప్పటికే ఒక విలువ ఉంది, అది నీ భాష వల్ల వచ్చింది. కెన్యాలో ఆసుపత్రి కాగితాలు ఇంగ్లిషులో ఉంటాయి, రోగులు స్వాహిలీలోనో, కికుయులోనో, లువోలోనో మాట్లాడతారు. నొప్పి ఎప్పటి నుంచి, ఎటువైపు, ఏం తింటే ఎక్కువవుతుంది అని అడగలేని విద్యార్థి అక్కడ పని ఒత్తిడిలో ఉన్న నర్సుకు ఇంకో పని అవుతుంది. నీకు చూపించడానికి, చెప్పడానికి ఆమె తన రోగుల్ని వదిలి రావాలి.

సేవకు బయటి దేశం పోయిన మన వాళ్లను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది సోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనా సాయం కోరితే మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు వెళ్లారు. పిలిస్తే వెళ్లారు, పట్టా చేతికొచ్చాక వెళ్లారు. కోట్నిస్ చైనా భాష నేర్చుకున్నాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు, 1942లో 32 ఏళ్లకే అక్కడే పోయాడు. అందరూ అలా ప్రాణం ఇవ్వాలని కాదు నేననేది. ఆ దేశం వాళ్లకు ఏం కావాలో వాళ్లు చెప్పారు, ఆ పని వచ్చినవాళ్లు పోయారు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు దీనికి తలకిందులుగా జరిగింది. ఎవరు ఎవరో, ఏం వచ్చో తెలియకుండా ఎక్కడెక్కడి నుంచో వైద్య బృందాలు దిగిపోయాయి. ఆ తర్వాత 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విదేశీ వైద్య బృందాలకు కనీస ప్రమాణాలు రాయవలసి వచ్చింది. మంచి మనసుతో వచ్చిన సాయం కూడా దారీతెన్నూ లేకపోతే భారమవుతుందని అంత పెద్ద సంస్థ గుర్తించింది.

ఇక సర్టిఫికెట్. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీకి, కావలసింది యూఎస్ఎంఎల్ఈ అనే పరీక్షలో మార్కులు, అమెరికా ఆసుపత్రుల్లో చేసిన క్లినికల్ అనుభవం, అక్కడి డాక్టర్లు రాసిచ్చే లెటర్లు. కెన్యాలో మూడు వారాల కాగితం వీటిలో దేనికిందికీ రాదు. అంతే కాదు, అమెరికా మెడికల్ కాలేజీల సంఘం 2011లోనే విద్యార్థులకు మార్గదర్శకాలు ఇచ్చింది. బయటి దేశాల్లో మీ చదువుకు మించిన పని రోగుల మీద చేయొద్దు, చేస్తే అది మీ అప్లికేషన్‌కు మేలు కన్నా కీడే చేయవచ్చని అందులో ఉంది. అంటే "రెండో సంవత్సరంలోనే కాన్పులు చేశాను" అని నువ్వు గర్వంగా రాసుకుంటే, చదివేవాళ్లు నీ విచక్షణను అనుమానిస్తారు. నీ కన్సల్టెన్సీ వాళ్లకు ఇది తెలిసి చెప్పలేదో, తెలియకనే చెప్పలేదో గానీ, రెండూ నీకు నష్టమే.

సరే, బయటికి పోవాలంటే దారులేవి? ప్రపంచ వైద్య విద్యార్థుల సంఘాల సమాఖ్య ఒకటి 1951 నుంచి ఉంది, ఐఎఫ్ఎంఎస్ఏ అంటారు. మన దేశంలో దాని సభ్యసంఘం మెడికల్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. వీళ్ల ద్వారా నాలుగు వారాల ఎక్స్ఛేంజ్ ఉంటుంది. నువ్వు అక్కడికి పోతే అక్కడి విద్యార్థి మన దగ్గరికి వస్తాడు. ఒక ట్యూటర్ కింద పెడతారు, నీ చదువుకు తగినంత వరకే చేయనిస్తారు. ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే ఎవరూ ఎవరినీ ఉద్ధరించడానికి పోవడం లేదు, ఇద్దరూ నేర్చుకోవడానికే పోతున్నారు. మీ కాలేజీ నుంచి అవకాశం ఉందో లేదో సీనియర్లను అడుగు. విమానం ఖర్చు మాత్రం నీదే, అందుకని తొందరపడకు. ఇంకా మీ సిలబస్‌లోనే ఎలెక్టివ్స్ ఉన్నాయి, ఫైనలియర్ దగ్గర పడేసరికి వస్తాయి. అప్పటికి నీకు చూసింది అర్థం చేసుకునే చదువూ ఉంటుంది.

ఎంబీబీఎస్ అయ్యి, కొన్నేళ్లు పనిచేశాక కూడా ఈ ఆశ ఇలాగే ఉంటే, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ లాంటి సంస్థలు ఉన్నాయి. 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది వాళ్లకే. అనుభవం ఉన్న డాక్టర్లను ఏరి తీసుకుంటారు, దారి ఖర్చులు పెట్టుకుంటారు, జీతం కూడా ఇస్తారు. నీ పని వాళ్లకు నిజంగా అవసరమైతే నీకే డబ్బిస్తారు. నిన్నే డబ్బు అడుగుతున్నారంటే నువ్వు అక్కడ కస్టమర్‌వి.

ఎప్పుడైనా, ఏ దారిలోనైనా ఆఫ్రికా దేశానికి పోయేటట్టయితే కొన్ని ముందే చూసుకోవాలి. కెన్యా లాంటి దేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసుకున్న పది రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఈ టీకా వేసే చోట్లలో కర్నూలు వాళ్లకు దగ్గరైనది హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). హెపటైటిస్ బి మూడు డోసులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది, అది నువ్వు ఎక్కడికీ పోకపోయినా వార్డుల్లో తిరుగుతున్నావు కాబట్టి ఇప్పుడే వేయించుకో. సూది గుచ్చుకుంటే ఏం చేస్తారని పంపేవాళ్లను తప్పకుండా అడగాలి. కెన్యాలో హెచ్ఐవీ మన దేశంలో కన్నా చాలా ఎక్కువ. సూది గుచ్చుకున్న గంటల్లోనే మందు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వేసుకోవాలి. ఆ మందు ఎవరిస్తారు, ఎక్కడుంది, మిగతా రోజుల మందు నీతో పంపుతారా అన్నదానికి రాతలో జవాబు ఇవ్వలేని సంస్థతో పోకూడదు. పర్మిషన్ సంగతి కూడా అంతే. టూరిస్టుగా దేశంలోకి దిగి ఆసుపత్రిలో పనిచేస్తే ఇబ్బందిలో పడేది నువ్వే.

అక్కడ ఎవరైనా పని ఒత్తిడిలో నీ చేతికి సూది ఇచ్చి "నువ్వు చెయ్" అంటే, "నేను స్టూడెంట్‌ను, ఇది నాకు నేర్పలేదు, మీరు చేస్తుంటే చూస్తాను" అనాలి. ఈ మాట అనడం చాలా కష్టం, అవమానంగా కూడా ఉంటుంది. దీన్ని కర్నూలులోనే అలవాటు చేసుకో. క్యాజువాల్టీలో రాత్రిపూట నీకు ఇలాంటి సందర్భాలు వస్తాయి.

ఫొటోల గురించి ఒక్క మాట. మీ సీనియర్‌ను నేను తప్పుపట్టడం లేదు, అందరూ చేస్తున్నదే చేశారు. కానీ మంచం మీద ఉన్న బిడ్డ, ముక్కు కారుతున్న బిడ్డ, ఒంటి మీద చొక్కా లేని బిడ్డ ఫొటోకు ఒప్పుకున్నారా? వాళ్ల అమ్మను ఎవరైనా అడిగారా? పెద్దాసుపత్రి పిల్లల వార్డులో అలా తీస్తే ఊరుకోరని నీకు తెలుసు. అక్కడా తీయకూడదు, అంతే.

నీ ఉత్తరంలో నన్ను కదిలించింది చిన్నప్పటి నుంచీ సేవ చేయాలని ఉందన్న మాట. దాన్ని నేను పూర్తిగా నమ్ముతున్నాను. అందుకే నీ ఊరి దగ్గరే ఉన్న ఒక పని చెప్తాను. ఇది కెన్యాకు బదులుగా ఇచ్చే ఓదార్పు కాదు, నిజంగా మనుషులు కరువైన పని.

మీ పడమటి మండలాల నుంచి ఏటా ఎంతమంది సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతారో నీకు నాకన్నా బాగా తెలుసు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పక్క ఊళ్లకు ఊళ్లే తాళాలు వేసుకుని గుంటూరు మిరప చేలకు పోతాయి. అలా పోయేవాళ్లలో అయిదో నెలో ఆరో నెలో గర్భిణి ఉంటుంది. తల్లీబిడ్డ కార్డు ఇంట్లో పెట్టెలోనే ఉండిపోతుంది. అక్కడ చేలో గుడారం వేసుకున్నాక ఏ ఏఎన్ఎంకు ఈమె లెక్కలోకి వస్తుంది? ఐరన్ మాత్రలు ఆగిపోతాయి, బీపీ ఎవరూ చూడరు. కాళ్ల వాపులు వచ్చినా ఎండలో నిలబడినందుకు అనుకుంటారు. అలా వెళ్లి, ఫిట్స్ వచ్చాక ఆసుపత్రికి చేరిన ఆడవాళ్లను నా వార్డులో చూశాను. టీబీ మందు వాడుతున్న మగవాళ్లూ అంతే. ఆరు నెలల కోర్సు, రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, బాగైపోయిందనుకుని మందు వదిలేసి రైలెక్కుతారు. టీబీ రోగిగా నమోదు చేసినప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబర్ ఉంటే దేశంలో ఎక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా మందు తీసుకోవచ్చు, నెలకు 1,000 రూపాయలు పోషకాహారానికి బ్యాంకు ఖాతాలో పడతాయి. ఈ సంగతి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేవాళ్లే తక్కువ.

దీనికి సూది పట్టనక్కర్లేదు. రెండో సంవత్సరం విద్యార్థి చేయగలిగిన పని ఇది. సెలవులకు ఆదోని వచ్చినప్పుడు దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టర్‌ను కలువు. ఏఎన్ఎం అనుమతితో, ఆశా అక్కతో కలిసి ఒక ఊరు ఎంచుకో. సుగ్గికి పోబోయే గర్భిణులు ఎవరు, టీబీ మందు వాడేవాళ్లు ఎవరు, ఎక్కడికి పోతున్నారు, ఏ మేస్త్రీతో పోతున్నారు, ఫోన్ నంబరు ఏది అని రాసుకోండి. కార్డు మూటలో పెట్టుకునేలా చూడండి. పోయాక పదిహేను రోజులకొకసారి నువ్వు ఫోన్ చేయి. "తలనొప్పి ఉందా, కళ్లు మసకగా ఉన్నాయా, కాళ్లు వాచాయా, మందు అయిపోయిందా" అని వాళ్ల మాటలోనే అడుగు. ఏదైనా తేడాగా అనిపిస్తే నువ్వు వైద్యం చెప్పకు, పీహెచ్‌సీ డాక్టర్‌కు చెప్పు, వాళ్లు అక్కడి వాళ్లతో మాట్లాడతారు. మీ కాలేజీలో ఫ్యామిలీ అడాప్షన్ కింద ఎలాగూ కుటుంబాలను అప్పగించి ఉంటారు. సంతకాల కోసం కాకుండా ఆ ఇళ్లకు నిజంగా పోయి చూడు. కమ్యూనిటీ మెడిసిన్ సార్‌తో మాట్లాడితే ఇది చిన్న స్టడీగా కూడా మారుతుంది. విద్యార్థుల పరిశోధనకు ఐసీఎంఆర్ ఇచ్చే ఎస్‌టీఎస్ స్టైపెండ్‌కు అప్లై చేయమని ఆయనే చెప్పవచ్చు. ఆ కాగితం పీజీ అప్లికేషన్‌లో పెట్టిన చోటల్లా నీకు గౌరవం తెస్తుంది.

నాన్నగారితో మాట్లాడటం నీకు కష్టంగా ఉండొచ్చు. ఆయన నగల దాకా వచ్చారంటే నీ చదువు కోసం ఏదైనా చేయాలనే. "మనం మోసపోయాం" అని మొదలుపెట్టకు, అడ్వాన్స్ కట్టింది ఆయన కాబట్టి అది ఆయనకు తగులుతుంది. "ఈ మూడు వారాల కన్నా ఫైనలియర్‌లో ఎక్స్ఛేంజ్‌కు పోతే నాకు ఎక్కువ లాభం, అప్పటిదాకా డబ్బు దాచుకుందాం" అని చెప్పు. అది నిజం కూడా.

ఇక ఆ 20,000. అది పోతుందేమోనన్న భయంతో మిగతా రెండు లక్షల అరవై వేలు కట్టొద్దు. కన్సల్టెన్సీకి ఈరోజే ఈమెయిల్ పంపు. ఫోన్‌లో మాట్లాడకు, అన్నీ రాతలోనే ఉండాలి. ఏ ఆసుపత్రి, అక్కడి నుంచి అనుమతి పత్రం ఏది, నీ పక్కన ఉండే డాక్టరు ఎవరు, ఆ దేశపు మెడికల్ కౌన్సిల్ అనుమతి ఉందా, నువ్వు కట్టే డబ్బులో ఆసుపత్రికి ఎంత పోతుంది, విద్యార్థితో కుట్లు, కాన్పులు చేయిస్తామని ఏ అధికారంతో చెప్పారు అని అడుగు. జవాబు సరిగ్గా రాకపోతే ప్రయాణం రద్దు చేసుకుంటున్నాను, అడ్వాన్స్ తిరిగివ్వండి అని పదిహేను రోజుల గడువుతో రాయి. ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించు. దానికీ కదలకపోతే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి అక్కడ కేసు వేయడానికి ఫీజు ఉండదు, వకీలు లేకుండా నువ్వే వేసుకోవచ్చు. రసీదు, వాళ్లు పంపిన బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకో. "మొదటి వారం నుంచే కుట్లు" అన్న మెసేజ్‌ను మాత్రం మర్చిపోకు.